పి అక్షరంతో అర్జీ

ఆ మాఘమాసపు ఉదయం మాలకొండయ్య వేసుకున్న పథకం చిన్నదే. జొన్నసంగటి తిని, అర్జీ రాసి, మార్కాపురంలో మకాం వేసిన దొరగారి చేతికిచ్చి, పొద్దుగూకకముందే ఇల్లు చేరాలి. పెద్దారవీడు దగ్గర కొండవార పల్లె ఆయనది. నల్లమల పందులు గుంపులుగా దిగి జొన్నచేలు తొక్కేస్తున్నాయి. ఊరికొక తుపాకీ ఇప్పించమని తెలుగులో రాసుకున్న మూడు అర్జీలకూ జవాబు లేదు. నాలుగోది ఇంగ్లీషులో రాస్తే దొర కదులుతాడని ఆయన నమ్మకం.

ఇంగ్లీషు ఆయనకు కొంత వచ్చు. కొంత అంటే, పి అక్షరం వచ్చు. బడిలో చెప్పే ఏబేలు అయ్యవారి దగ్గర ఇరవై ఆరు అక్షరాలూ దిద్దుకున్న కొత్తలో, సంతలో బెల్లం కట్టిచ్చిన కాగితం ఇంగ్లీషు నిఘంటువుదని గుర్తుపట్టాడు. దుకాణానికి పరుగెత్తేసరికి పి అక్షరం పుటలు తప్ప తక్కినవన్నీ బెల్లంతో వెళ్లిపోయాయి. రెండేళ్లు వాటినే వల్లె వేశాడు. పిగ్ అంటే పంది. పీపుల్ అంటే జనం. పెరిష్ అంటే నశించు. పిస్టల్ అంటే తుపాకీ, పౌడర్ అంటే అందులో కూరే మందు. మరో మాట ఉంది: పి, ఎల్, ఏ, జి, యు, ఇ. కూడబలుక్కుంటే 'ప్లాగ్యూ' అయింది. 'మహాపీడ' అని అర్థం కనిపించింది; మిగతా అర్థం ఉన్న మూల బెల్లానికి అంటుకుని చిరిగిపోయింది. పందులకు ఇంతకన్న తగిన మాట లేదనిపించింది.

"అయ్యోరు గిద్దలూరు నుంచి వచ్చిందాక ఆగరాదా? ఒకసారి చూపిద్దువు" అంది భార్య రోశమ్మ.

"నేనాగుతా. పందులు ఆగుతయ్యా?" అని మాలకొండయ్య రాసేశాడు: 'ప్లీజ్. పిగ్ ప్లాగ్యూ. పీపుల్ పెరిష్. పర్మిట్ పిస్టల్, పౌడర్.'

దొర ఆ కాగితం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇంగ్లీషంటే అట్ల ఉండాల" అని మాలకొండయ్య దారి పొడుగునా తనను తానే మెచ్చుకున్నాడు.

మూడోనాడు ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు దేవరాజు ఇద్దరు బంట్రోతులతో, బండినిండా పీపాలతో ఊళ్లో దిగాడు. మాలకొండయ్య ఎదురెళ్లాడు.

"మందు తెచ్చినారా సార్?"

"పీపాలకొద్దీ తెచ్చినాం. నిన్న ఎన్ని పోయినయ్?"

తన చేలో మేసి కొండెక్కి పోయిన పందుల సంగతి అడుగుతున్నాడనుకున్నాడు మాలకొండయ్య. "పద్నాలుగు సార్. పెద్దయి అయిదు, పిల్లలు తొమ్మిది."

దేవరాజు చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. "పూడ్చినారా, కాల్చినారా?"

"కాల్చేదానికి తుపాకీ ఏది సార్?"

"తుపాకీనా!"

"మొన్న ఒకదాన్ని బల్లెంతో పొడిచినాం. ఊరంతా పంచుకొని తిన్నాం."

దేవరాజు నాలుగడుగులు వెనక్కి వేసి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "జ్వరం మెదడుకెక్కింది. ముందు ఈయన్ను ఎడంగా పెట్టండి" అని బంట్రోతులకు చెప్పాడు.

మధ్యాహ్నానికల్లా ఊరు ఖాళీ అయింది. ఇళ్లకు మందు చల్లి తలుపులు బిగించారు. ఇక్కడ రోగమే లేదని జనం మొత్తుకుంటే, "రోగముందని ఏ ఊరు ఒప్పుకుంది?" అన్నాడు దేవరాజు. పిల్లాజెల్లా, గొడ్డూగోదా, కుక్కలతో సహా అందరూ చేలగట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. మాలకొండయ్యకు మాత్రం ఓ మూల వేరే గుడిసె కట్టి, చుట్టూ తాడు లాగారు.

రోశమ్మ సంగటి ముంతను తాడు కింద నుంచి నెట్టింది. "ఏంది రాసినావు ఆ కాగితంలో?"

"పందులనే రాసినా."

"మరి పందుల్ని వదిలి నిన్నెందుకు కట్టేసినారు?"

మాలకొండయ్య పి అక్షరం మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి వల్లె వేసుకున్నాడు.

పదో రోజున ఏబేలు అయ్యవారు వచ్చాడు. తాడు ఇవతలే నిలబడి మాలకొండయ్య దాచుకున్న అర్జీ నకలు ఆయన చేతే చదివించుకున్నాడు. "మాలకొండన్నా, అది ప్లాగ్యూ కాదు. ప్లేగు!"

ఊరెందుకు ఖాళీ అయిందో మాలకొండయ్యకు అప్పుడు తెలిసింది. దాచిపెడదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ గుడిసెల్లో ముసలివాళ్లు చలికి దగ్గుతున్నారు. ఊరివాళ్లందరినీ తాడు దగ్గరికి పిలిపించి తల వంచుకుని చెప్పాడు.

"ఊళ్లో రోగం లేదు. నా ఇంగ్లీషుకే రోగం. నన్నేమన్నా అనండి."

ఎవరి చేయి ముందు లేస్తుందా అని ఆయన ఎదురు చూస్తున్నాడు. అప్పుడు రోశమ్మ మెల్లగా అడిగింది.

"ఈ పదిదినాల్లో చేలల్లో పంది అడుగు ఎవురన్నా చూసినారా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెగళ్లు, కుక్కలు, పసిపిల్లల ఏడుపులు. ఊరు ఊరంతా చేలల్లో కాపురముంటే పంది కొండ దిగలేదు. కంకి బరువుకు జొన్నదంట్లు ఒరుగుతున్నాయి.

పెద్దరైతు సుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యోరా, ఈ మాట దొర చెవిన ఇప్పుడే వెయ్యొద్దు. కోత కానీ."

అందాకా మాలకొండయ్య రోగిగానే ఉండాలని తీర్మానమైంది. ఊరంతా వంగి కోత కోస్తుంటే ఆయన తాడు లోపల కూర్చుని, దేవరాజు వచ్చినప్పుడల్లా మూలిగాడు. తన ఇంగ్లీషు కన్నా ఆ మూలుగే నయమని తర్వాత ఆయనే చెప్పుకునేవాడు. ఆ ఏడు పండినంత జొన్న ఆ పల్లె ఎన్నడూ ఎరగదు. కోత ముగిశాక ఏబేలు అయ్యవారు సంగతంతా మంచి ఇంగ్లీషులో రాసి, క్షమాపణతో పాటు తుపాకీ సంగతీ గుర్తుచేశాడు.

నెలకు సర్కారు ముద్రతో కవరు వచ్చింది. 'ఈ సంవత్సరము మీ గ్రామమున పందుల వలన పంటనష్టము లేనట్లు తెలియవచ్చినందున తుపాకీ అవసరము కనిపించదు.'

అది శుద్ధమైన తెలుగులో ఉండడంతో, తప్పుగా అర్థం చేసుకునే వీలు కూడా లేకపోయింది.