చిరిగే ప్యాంటుకు జేజేలు

ఆరు నెలలు దాటినా చిరగని ప్యాంటు సంఘానికి చేటు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. పద్నాలుగేళ్లుగా ఈ వారపత్రికలో రాస్తున్నాను. అంతకు ముందు నుంచే మా ఊరు పాసో దెల్ సౌసేలోని పశువుల సంతలో కాటా దగ్గర కూర్చుని బరువులు రాసుకుంటున్నాను. కూర్చున్నవాడి కళ్లకు ఎదురుగా ఉండేది నిలబడ్డవాళ్ల ప్యాంట్లే కదా. కాబట్టి ఈ ఊరి ప్యాంట్ల గురించి నాకు తెలిసినంత మేయరుకు కూడా తెలియదు.

మా నాన్నల కాలంలో ఏముండేది? బొంబాచా. రెండు కాళ్లకూ రెండు గోనెసంచులు తగిలించి, అడుగున చీలమండ దగ్గర బిగించినట్టుండే మందపాటి ప్యాంటు. దాంతోనే గుర్రమెక్కేవారు, దాంతోనే గొర్రెల బొచ్చు కత్తిరించేవారు, దాన్నే ఉతుక్కుని శనివారం డాన్సుకు వెళ్లేవారు. పాతికేళ్లకు దాన్ని కొడుక్కి ఇచ్చేవారు. అంతే. ప్యాంటు గురించి మాట్లాడుకోవడానికి మనుషులకు ఒక్క ముక్క దొరికేది కాదు. అదీ ఒక బతుకేనా?

ఇప్పుడు చూడండి. ఎక్కడ చిరిగింది, ఎలా చిరిగింది, ఎవరి ముందు చిరిగింది అని ఊరంతా ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. మగాళ్లు మోకాళ్లు దగ్గర పెట్టుకుని బిషప్పుల్లా కూర్చోవడం నేర్చుకున్నారు. గుర్రం మీదికి ఎగిరి దూకడం మానేసి, కుర్చీ వేసుకుని మర్యాదగా ఎక్కుతున్నారు. గుర్రాలు కూడా సంతోషంగానే ఉన్నాయి.

ఈ భాగ్యమంతా రెండేళ్ల కిందట పెద్ద వీధిలో తెరిచిన కొత్త కొట్టు పుణ్యం. అక్కడ అమ్మే ప్యాంటుకు ఎనిమిది జేబులు. వాటిలో రెండింటికి మూత మాత్రమే ఉంటుంది, లోపల జేబు ఉండదు. నడుం దగ్గర అట్టముక్క మీద ఒక కండలవాడు ట్రాక్టరు చక్రం ఎత్తుతుంటాడు. కింద 'కఠిన శ్రమ కోసం' అని రాసి ఉంటుంది. ఎవరి శ్రమ అనేది రాయలేదు.

ఆ కొట్టుకు మా బావమరిదిని తీసుకెళ్లింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

మా బావమరిది లిండోల్ఫో కంచెలు వేస్తాడు. గుంజలు పాతి, ముళ్లతీగ బిగించి లాగడం అతని పని. ముప్ఫయ్యేళ్లు ఆ పని చేసినందుకు పశువుల పెంపకందార్ల సంఘంవాళ్లు ప్రదర్శన రోజున అతనికి పతకం ఇస్తామన్నారు. మా ఆవిడ సుల్మా తమ్ముడి పాత బొంబాచాను ఎగాదిగా చూసి, దీంతో స్టేజీ ఎక్కితే మన ఇంటి పరువేం కావాలి అంది. నేను వెంటనే కొత్త ప్యాంటు పేరెత్తాను. పత్రికలో రాసేవాణ్ని కదా, కొత్తదాన్ని మెచ్చుకోకపోతే పాతబడిపోతాననే భయం నాకూ ఉంటుంది.

కొట్టులో లిండోల్ఫో ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇందులో వంగొచ్చా అమ్మాయ్?"

"వంగొచ్చా అంటారేంటండీ, అదే మీతో పాటు వంగుతుంది. సాగే గుడ్డ," అంది అమ్మే పిల్ల.

"నేను వంగితే చాలుగా. ప్యాంటు కూడా ఎందుకు వంగడం?"

"తీసుకోరా, అన్నిటికీ సతాయిస్తావు," అన్నాను నేను. తీసుకున్నాడు. పాత బొంబాచాను సుల్మా మడిచి కుక్కకు పరుపు వేసింది. ఆ కుక్క అప్పట్నుంచీ దాన్ని పళ్లతో పీకుతోంది. ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

పతకం రోజున లిండోల్ఫో పేరు పిలిచారు. స్టేజీకి మూడు మెట్లు. మూడో మెట్టు మీద కాలు పెట్టగానే వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. మైకు దగ్గర్లోనే ఉంది కాబట్టి అది మైదానమంతా వినిపించింది. అతను చలించలేదు. పతకం మెడలో వేయించుకున్నాడు, టోపీ తీసి వెనక అడ్డం పెట్టుకున్నాడు, జనం వైపే ముఖం పెట్టి మూడు మెట్లూ వెనక్కి దిగాడు.

"ఎంత సంస్కారం చూడండి. మనవైపు వీపు తిప్పనే లేదు," అంది సంఘం అధ్యక్షుడి భార్య. ఇవాళ్టికీ ఆవిడ అతన్ని మర్యాదకు ఉదాహరణగా చెబుతుంది. బొంబాచా వేసుకుని ఉంటే ఇంత పేరు వచ్చేదా?

ఆ చిరుగును సుల్మా కుట్టింది. కొట్టువాళ్లు మారు మాట్లాడకుండా సగం ధరకు ఇంకో ప్యాంటు కూడా ఇచ్చారు. లిండోల్ఫో వాటితోనే పనికి వెళ్లసాగాడు. మూడు వారాలు గడిచాయి.

నాలుగో వారం మంగళవారం అతను వాగు అవతలి పొలంలో ఒక్కడే తీగ బిగిస్తున్నాడు. బిగింపు పట్టు జారింది. సాగదీసిన ముళ్లతీగ ఒక్కసారిగా వెనక్కి వచ్చి తొడ మీద కొట్టింది. సాగే గుడ్డ తీగతో పాటు సాగింది, తీగతో పాటే చిరిగింది. ముళ్లు లోపలికి దిగాయి. అతను మెడ రుమాలు తీసి తొడకు కట్టుకుని, తొమ్మిది కిలోమీటర్లు గుర్రం మీదే వచ్చాడు. ఆస్పత్రి గుమ్మంలో దిగేసరికి జీను ఒకవైపంతా ఎర్రగా ఉంది.

పదకొండు కుట్లు పడ్డాయి. నెల రోజులు పనికి వెళ్లొద్దన్నాడు డాక్టరు.

ఇక్కడ నా వాదం ప్రకారం ఈ దెబ్బ వల్ల కలిగిన లాభాలు రాయాలి. ముప్ఫయ్యేళ్లలో ఆ మనిషి మొదటిసారి నెల రోజులు విశ్రాంతి తీసుకుంటున్నాడు, ఏ బొంబాచా అతనికి సెలవు ఇప్పించింది అని రాసుకున్నాను కూడా. ఆ కాగితం సుల్మా చూసింది. ఏమీ అనలేదు.  మర్నాడు, రోజూ ఇద్దరం పంచుకుని తాగే మాతే ఆకు టీ కలిపి తనొక్కతే తాగింది.

లిండోల్ఫోను చూడటానికి వెళ్లాను. కిటికీ పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు.

"పాత బొంబాచా అయితే తీగ గుడ్డ దగ్గరే ఆగేది బావా," అన్నాడు. తప్పు నా మీద వేసి అనలేదు. వాన రాకపోతే పచ్చిక ఎండుతుంది అన్నట్టు అన్నాడు. అదే నాకు కష్టమనిపించింది.

"ఇంకోటి కుట్టిద్దాంలే."

"అది కాదు. నిన్న పెరట్లో బట్టలారేసే తీగ గాలికి ఊగితే వెనక్కి జరిగాను. ముప్ఫయ్యేళ్లు తీగతో బతికినోణ్ని, ఇప్పుడు తీగంటే భయమేస్తోంది. అక్కకి చెప్పకు."

అక్కకు చెప్పలేదు. మర్నాడే అతన్ని వెంటబెట్టుకుని ఎలీదమ్మ ఇంటికి బయల్దేరాను.

ఎలీదమ్మకు డెబ్బై మూడేళ్లు. ఈ ఊళ్లో నలభై దాటిన మగాళ్లందరి నడుం కొలతలూ ఆమెకు కంఠతా వచ్చు, ఎందుకంటే అందరి బొంబాచాలూ ఆమే కుట్టింది. పదేళ్ల కిందట కొట్టు మూసేసింది. ఇప్పుడు బస్సులు ఆగే చోటికి వెనక, ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని చిరుగులకు మాసికలు వేస్తోంది. గది మూలన నా భుజం ఎత్తు ప్యాంట్ల గుట్ట ఉంది. ప్రతి ప్యాంటు నడుం దగ్గరా ట్రాక్టరు చక్రం ఎత్తే కండలవాడే.

"మా లిండోల్ఫోకి బొంబాచా కావాలి ఎలీదమ్మా."

"చిరిగింది ఏదైనా ఉంటే ఇవ్వు నాయనా. కొత్తవి కుట్టను."

"ఎందుకని?"

ఆమె మిషను ఆపింది. "నువ్వు నా దగ్గర ఆఖరిసారి ఎప్పుడు కుట్టించుకున్నావు?"

నేను ఆలోచించాను. "వరదొచ్చిన ఏడాది."

"అది ఇంకా ఉందా?"

"ఉండటమేంటి, భేషుగ్గా ఉంది. ఆదివారాలు అదే వేసుకుంటా." మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

"అదీ సంగతి. నీకే కాదు, అందరికీ భేషుగ్గానే ఉంది. ఊళ్లో ప్రతోడికీ ఒకటి కుట్టాను. ఒక్కడూ రెండోదానికి రాలేదు. కనబడితే దండాలు పెట్టారు, కూతుళ్ల పెళ్లిళ్లకి పిలిచారు. చిరగందే కుట్టించుకోడానికి ఎందుకొస్తారు? బాగా కుట్టాను కాబట్టే కొట్టు మూసుకున్నాను నాయనా." మూలనున్న గుట్టను చేత్తో చూపించింది. "వీటి సంగతి చూడు. కుట్టినోడెవడో నాకు తెలీదు గానీ, చల్లగా ఉండాలి. వాడివల్లే పొయ్యి వెలుగుతోంది."

పాఠకులు గమనించాలి. నేను ఇన్నాళ్లుగా వేళాకోళానికి చెబుతున్న సిద్ధాంతానికి బతికున్న రుజువు నా ఎదురుగా కూర్చుని ఉంది. గెలిచినవాడికి ఉండాల్సిన ఆనందం నాకు ఎంత వెతికినా దొరకలేదు.

లిండోల్ఫో వాదించలేదు. పక్కనున్న స్టూలు మీద కూర్చుని, వేసుకున్న పొట్టి నిక్కరు అంచు కొంచెం పైకి లాగాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది.

"ఎవరు కుట్టారిది?"

"డాక్టరు."

"దూరం దూరంగా వేశాడు." వేలితో మచ్చ పక్కన తాకింది. "తీగేనా?"

"తీగే."

 ఆమె లేచి, మంచం కింది నుంచి పాత దుప్పట్లో చుట్టిన గుడ్డ తాను బయటికి లాగింది. ఏనాడో మూతపడిన మిల్లు గుడ్డ. దాని మీద గోరుతో గీరితే గోరే అరుగుతుంది. టేపు తీసి అతని నడుం చుట్టూ తిప్పింది.

"తగ్గావు," అంది. "ఒక్క షరతు. అన్నీ నా పద్ధతిలోనే కుడతాను. వెనక జేబు బొత్తాం ఒక్కటీ సన్నదారంతో వేస్తాను. అది ఊడుతుంది. ఊడితే ఇంట్లో కుట్టుకోకూడదు, నా దగ్గరికే రావాలి."

"ఎప్పుడు ఊడుద్ది?" అన్నాడు లిండోల్ఫో.

"నాలుగు నెలలకి ఊడాలి. ఊడేట్టు నేనెప్పుడూ కుట్టలేదు. చూద్దాం."

నెల నిండాక లిండోల్ఫో ఎలీదమ్మ కుట్టిన బొంబాచాతో పనికి వెళ్లిన మొదటి రోజు నేనూ వెళ్లాను. మాతే కోసం వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో పెట్టుకుని నిలబడటం తప్ప నాకు చేతనయిన పని లేదు. అతను మొదటి తీగను పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు.  లాగాడు. మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. తర్వాత ఒక తీగ జారి వచ్చి సరిగ్గా అదే తొడ మీద కొట్టింది. నా చేతిలో మాతే ఒలికిపోయింది.

అతను వంగి చూసుకున్నాడు. గుడ్డ మీద సుద్దతో గీసినట్టు ఒక తెల్ల గీత, అంతే. చేత్తో దులిపాడు, గీత కూడా పోయింది.

"పక్కకి జరుగు బావా, అడ్డంగా ఉన్నావు," అని మళ్లీ తీగ అందుకున్నాడు. ఆ రాత్రి సుల్మా నాకూ మాతే పోసింది.

ఈ కబురు ఊరంతా పాకింది. నేనూ ఒకటి కుట్టించుకున్నాను. సంతలో పశువులు తోలేవాళ్లు కుట్టించుకున్నారు. అందరికీ అదే షరతు, అందరికీ సన్నదారమే. ఎలీదమ్మ దగ్గరున్న తాను అయిపోయింది. ఇక ఆమె ఎదురుచూడాల్సింది బొత్తాల కోసమే.

నాలుగు నెలలయింది. బొత్తాం ఊడలేదు. అయిదయింది. నేను ఆ జేబును రోజుకు ఇరవైసార్లు తెరిచి మూశాను. ఆరో నెల కూడా అయిపోయింది. పాపం, ఆమె చేతికి చెడగొట్టి కుట్టడం రాదు. దారం సన్నదే అయినా పట్టు వదలడం లేదు. ఈలోగా కొత్త కొట్టు ప్యాంట్లు కొనడం జనం మానేశారు, అంటే మాసికలకు కూడా ఎవరూ రావడం లేదు. బస్సు దిగి వస్తూ ఆమె గుమ్మంలోంచి చూశాను. మూలన గుట్ట లేదు. ఆమె ఖాళీ మిషను ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇంటికి వచ్చి సుల్మా కత్తెర తీసుకున్నాను. ఈ దేశంలో మన్నిక గల వస్తువును కావాలని పాడుచేసిన మొదటి పాత్రికేయుణ్ని నేనేనని నా నమ్మకం.

ఆ నమ్మకం మర్నాడు పొద్దునే పోయింది. ఎలీదమ్మ ముందు గదిలో అప్పటికే ఏడుగురు బల్ల మీద కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్లోనూ బొంబాచా, అందరి అరచేతిలోనూ ఒక బొత్తాం. ఎవరూ ఎవరి ముఖం చూడటం లేదు. చివర్లో లిండోల్ఫో కూర్చుని పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నాడు.

"అందరికీ ఒకే వారం ఊడాయా?" అంది ఎలీదమ్మ.



ఆమె ఒక్కొక్క బొంబాచా తీసుకుని దారం కొసలు వెలుగులో పెట్టి చూసింది. నాది చూసి, "ఇది కత్తెర," అంది. లిండోల్ఫోది చూసి, "ఇవి పళ్లు," అంది. అతని పక్కవాడిది చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "గొర్రెల బొచ్చు తీసే కత్తి వాడావురా? బొత్తానికి?"

"గట్టిగా ఉందమ్మా మరి," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ.

ఎలీదమ్మ సొరుగు తెరిచి దారపు కండెలన్నీ వెతికి, మూసేసింది.

"ఇంతకంటే సన్నది నా దగ్గర లేదు నాయనలారా," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఇక మీ కత్తెరలే దిక్కు. కూర్చోండి."

కూర్చున్నాము.