ఎవరూ వంగని ఊరు

ఆ రోజు దొర్సాఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ప్రదర్శన గదిలో రొట్టెలు నేలమీద పరచాలి, సాయంత్రం మేడమ్ జాజియా వచ్చి చూడాలి, అంతే. మట్టిపొయ్యిలో కాల్చిన గుండ్రటి తబూనా రొట్టెలు, గుమ్మం నుంచి ఎదురుగోడ దాకా బాటలాగా. గోడమీద పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం: "ఈ ఊళ్లో రొట్టె కోసం ఇప్పుడెవరూ వంగరు."

ఊరంటే ట్యూనిస్. ఒకప్పుడు దారిలో రొట్టెముక్క కనిపిస్తే ఎంతటివాడైనా వంగి తీసి, ముద్దుపెట్టుకుని, కళ్లకద్దుకుని, ఎవరి కాలూ తగలనంత ఎత్తున పెట్టేవాడు. కిందటేడు ట్రామ్ దిగిన ఒక కోటుబాబు రొట్టెను దాటుకుంటూ పోవడం చూసి దొర్సాఫ్ కడుపు మండిపోయింది. ఆ మంటలోంచి పుట్టిందే ఈ కళ. పదేళ్లుగా ఆమె ఎన్ని ప్రదర్శనలు పెట్టినా వచ్చింది మేనత్తలూ వాళ్ల పిల్లలూ మాత్రమే. జెనీవా ప్రదర్శనకు ఒక్కరిని ఎంపికచేసే మేడమ్ జాజియా ఇవాళ కాదంటే, మళ్లీ బడికి పోయి పిల్లలచేత ఆపిల్‌పండు గీయించడమే గతి. ఆ మాట తల్చుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

రొట్టెలు పరిచి, కాఫీ తాగి వచ్చేసరికి నేల ఖాళీ! కాపలాదారు ఖమీస్ ఆఖరి రొట్టెను ముద్దుపెట్టుకుని కిటికీ గట్టుమీద పెడుతున్నాడు.

"అయ్యో బాబాయ్! ఎంత పని చేశావ్!"

"కంగారు పడకమ్మా. సంచీ చిరిగినట్టుంది, అన్నీ కింద పడిపోయాయి. ఒక్కటీ వదల్లేదు. నడుం పట్టేసిందనుకో."

"పడిపోలేదు, నేనే పెట్టాను. అది కళ బాబాయ్!"

"కళైతే గోడకుండాలి గానీ కాళ్ల కిందెందుకమ్మా? పైవాడు చూడడూ?"

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పి, మళ్లీ అన్నీ పరిచి, చేతులు జేబుల్లో పెట్టుకుని వీధిలో నిలబడమంది. ఖమీస్ అలాగే నిలబడ్డాడు పాపం. కానీ నోటికి జేబులుండవు కదా! "లోపల రొట్టెలు నేలపాలయ్యాయి, వాటిని ముట్టుకోవద్దంది" అని దారినపోయే ప్రతివాడికీ చెప్పాడు. ఆ కబురు వీధి చివర ఉన్న దొర్సాఫ్ తల్లి జుహైరా చెవిన పడేసరికి, కూతురు మతి చెడి రొట్టెలు విసిరికొడుతోందన్నంత దూరం పోయింది.

దొర్సాఫ్ నిచ్చెనెక్కి దీపాలు సరిచేస్తుండగా తల్లి ఇరుగుపొరుగు ఆడవాళ్లందరినీ వెంటేసుకుని వచ్చిపడింది.

"ఎవరి దిష్టి తగిలిందే నీకు! అన్నం పెట్టే రొట్టెను నేలకేసి కొడతావా?"

"కొట్టలేదమ్మా! ముట్టుకోకండి! పిన్నీ, ఆ బుట్ట కింద పెట్టు!"

"అరవకు తల్లీ, కళ్లు తిరిగి పడతావ్" అంది పక్కింటి ముబారకా పిన్ని, రొట్టెలు బుట్టలో వేసుకుంటూనే. ఇందరు వంగుతుంటే నిచ్చెన దిగడానికి చోటేదీ? దొర్సాఫ్ కిందికి దిగేసరికి నేలా ఖాళీ, పిన్నీ మాయం.

"ఎక్కడికి పోయిందమ్మా ఆవిడ?"

"నేలన పడ్డవి మనుషులెలా తింటారే? బక్రీదుకు తెచ్చిన పొట్టేలుంది కదా వాళ్ల మేడమీద."

దొర్సాఫ్ మూడంతస్తులూ ఒక్క పరుగున ఎక్కింది. పొట్టేలు అప్పటికే బుట్టలో తల దూర్చి తన పని తాను చూసుకుంటోంది. దానితో కుస్తీపట్టి, ఓ మూల కొరికిన రొట్టె ఒక్కటి మాత్రం దక్కించుకుంది. రొట్టెలు కాల్చే ఆమె దగ్గరికి పరిగెత్తితే పొయ్యి చల్లారిపోయింది. ఇంతలో వీధి మొదట్లో మేడమ్ జాజియా కారు ఆగింది.

దొర్సాఫ్ వెనక్కి పరిగెత్తుకొచ్చి ఆ ఒక్క రొట్టెనే గది నడుమ పెట్టింది. తల్లిని కుర్చీలో కూలేసి, వంగడానికి వీల్లేకుండా ఒళ్లో మిఠాయి పళ్లెం పెట్టింది. ఖమీస్ జేబుల్లోంచి చేతులు తీయలేదు.

"దేవుడి మీద ఒట్టు, ఎవరైనా కదిలారో!" అంది పళ్లు బిగించి.

మేడమ్ జాజియా లోపలికొచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, తలెత్తి గోడమీది మాట చదువుతూనే ముందుకు నడిచింది. కింద చూడలేదు. ఒక అడుగు. ఇంకో అడుగు. జుహైరా కళ్లు మూసుకుని దువా చదవసాగింది. ఎత్తుమడమ జోడు పైకి లేచి, సరిగ్గా రొట్టె మీదికి దిగబోయింది.

దొర్సాఫ్‌కు జెనీవా గుర్తులేదు, బడీ గుర్తులేదు. ఒక్క ఉదుటున దూకి, ఆ కాలి కిందినుంచి రొట్టె లాగి, ముద్దుపెట్టుకుని కళ్లకద్దుకుంది. తర్వాతగానీ తాను చేసిన పని ఆమెకు తెలిసిరాలేదు.

"గోడమీద ఆ మాట రాసింది మీరేనా?" అంది మేడమ్ జాజియా.

"నేనే మేడమ్." రొట్టె ఇంకా నుదుటిదగ్గరే ఉంది.

"పచ్చి అబద్ధం."

"అవును మేడమ్."

"పొద్దుట్నుంచీ మేం మొత్తుకునేదీ అదేనమ్మా!" అంది జుహైరా పళ్లెం వెనకనుంచి.

మేడమ్ జాజియా రొట్టె అందుకుని, తానూ ముద్దుపెట్టుకుని, కొరికిన మూల చూసి కనుబొమలెగరేసింది.

"పొట్టేలు" అంది దొర్సాఫ్, ఏడవలేక.

మేడమ్ దాన్ని కిటికీ గట్టుమీద పెట్టింది. "ఇది ఈ ఊళ్లో నడవదు. జెనీవాకే పంపుదాం. అక్కడెవరైనా వంగుతారేమో చూద్దాం."

జెనీవాలో నెలరోజులూ ఒక్కరూ వంగలేదు. కోటుబాబులు రొట్టెలను జాగ్రత్తగా దాటుకుంటూ నడిచి, గోడమీది మాట చదివి, పాపం ట్యూనిస్ ఎంత చెడిపోయిందో అని నిట్టూర్చారు. పత్రికలు కూడా ఆ మాటే రాసి దొర్సాఫ్‌ను ఆకాశానికెత్తాయి.

ఆమె మాత్రం ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా చేతులు రెండూ జేబుల్లో పెట్టుకునేది.