స్మరాండా కథకు పసుపు

"మన డిజిటల్ రిపాజిటరీలోకి సొంత సరుకు తప్ప ఎరువు సరుకు అడుగు పెట్టదు!" అని బుజావ్ పట్టణంలోని ఒక కళాశాల వైస్ రెక్టర్ ప్రొఫెసర్ తిబెరియు కోజోక్ గారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. కొట్టినవాళ్లలో సగం మందికి రిపాజిటరీ అంటే ఏమిటో తెలియదు. తెలిసిన మిగతా సగం మంది ఇంకా గట్టిగా కొట్టారు.

రిపాజిటరీ అంటే కంప్యూటర్లో ఉండే బీరువా. విద్యార్థుల కథల పోటీలో గెలిచిన కథను ఆ బీరువాలో పెడతారు. లింకు నొక్కితే లోకంలో ఎవరైనా తలుపు తీసి చదువుకోవచ్చు. ఈ ఏడు మొదటి బహుమతి స్మరాండాకు వచ్చింది. వాళ్లమ్మ ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక ముసలావిడను కనిపెట్టుకుని ఉంటుంది. అమ్మ ఇల్లు వదిలి బస్సెక్కిన రోజు గురించే ఆ కథ. ఆదివారం భోజనాలయ్యాక లింకు తెరుస్తానని, ముసలావిడకూ చర్చి స్నేహితులకూ చదివి వినిపిస్తానని అమ్మ అప్పుడే అందరికీ చెప్పేసింది. బహుమతి లేకపోయినా స్మరాండా ఊరుకునేది. లింకు లేకపోతే మాత్రం ఊరుకోలేదు.

గురువారం లైబ్రరీ నుంచి కబురొచ్చింది. రిపాజిటరీ అధికారిణి వెటూరియా మేడమ్ కళ్లద్దాల పైనుంచి చూసింది.

"నీ కథ దొంగ కథమ్మా."

"ఎవరి దగ్గర దొంగిలించానట?"

"ముందు పద్ధతి విను. సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష చెయ్యాలంటే రచనకు రిజిస్ట్రేషన్ నంబరుండాలి. నంబరు రావాలంటే రచన రిపాజిటరీలో ఉండాలి. అందుకని ముందు పెట్టాం, తర్వాత పరీక్ష చేశాం. తీరా చూస్తే, అచ్చం ఇదే కథ ఎవరో అప్పటికే రిపాజిటరీలో పెట్టేశారు!"

"ఎవరు?"

"నీ పేరే ఉన్న ఇంకో అమ్మాయి."

"అది నేనే మేడమ్!"

"పట్టుబడ్డవాళ్లంతా ఏదో ఒకటి అంటారు తల్లీ."

ఎరువు తెచ్చుకున్న వాక్యాలకు సాఫ్ట్‌వేర్ పసుపు పూస్తుంది. పసుపు పడిన వాక్యాన్ని తీసేసి మిగిలింది ప్రచురించాలని వైస్ రెక్టర్ గారి నియమం. స్మరాండా కథకు పూసినంత పసుపు పెళ్లికూతురికి కూడా పూయరు. తీసెయ్యగా మిగిలింది పైన పేరు, కింద తెల్ల కాగితం. కథ కంచికి చేరకముందే కత్తెరకు చేరింది.

ఆ పిల్ల వైస్ రెక్టర్ గారి గదికి పరిగెత్తింది. ఆయన నువ్వులు చల్లిన కోవ్రిగి రొట్టెను కాఫీలో ముంచుకుని తింటూ దేశ భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్నారు.

"నా కథ నేనే దొంగిలించానంటారా సార్?"

"సొత్తు నీదే కదా అని పోలీసులకు చెప్పలేదమ్మాయ్. ఇంతకంటే దయ ఎవరు చూపిస్తారు?"

"మా అమ్మ ఆదివారం లింకు తెరుస్తుంది సార్."

"తెరవనీ. తెల్ల పేజీలు కళ్లకు చలవ."

"మరి మంత్రిగారి థీసిస్ కూడా ఇలాగే పరీక్ష చేస్తారా?"

మంత్రి సెప్టిమియు ప్లెషాన్ గారు శనివారం రిపాజిటరీని ప్రారంభిస్తారు. ఆ వేదిక మీదే తమ డాక్టరేట్ గ్రంథాన్ని కూడా బీరువాకు బహూకరిస్తారు.

"అందరి ముందూ పరీక్ష చేస్తాం!" కోజోక్ గారు ఛాతీ విరిచారు. "దానికి గైడు నేనే. చదివే శ్రమ కూడా నాకు పెట్టకుండా రాసిన మనిషి ఆయన!"

శనివారం మంత్రిగారు మీట నొక్కారు. మంత్రిగారి గ్రంథానికి మంత్రిత్వశాఖ నంబరు ముందే ఉంది కాబట్టి దాన్ని ముందుగా లోపల పెట్టే పని పడలేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఊళ్లో వాళ్ల పుస్తకాలన్నిటితో పోల్చి చూసింది. పెద్ద తెర మీద పొద్దుతిరుగుడు తోట విరగబూసింది. మరుక్షణం నియమం ప్రకారం తోట మాయమైంది. పేజీలు తిరుగుతున్నాయి. తెలుపు. తెలుపు. ఒక్క అంకితం పేజీలో మాత్రం రెండు మాటలు మిగిలాయి. 'మా అమ్మకు.'

"ఏమిటయ్యా ఇది?" అన్నారు మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా, పెదవులు కదలకుండా.

మహానుభావులను కష్టకాలంలోనే చూడాలి. కోజోక్ గారు మైకు అందుకున్నారు.

"సోదరులారా! మీరు చూసింది పసుపు కాదు, బంగారం! ఒకరు చెబితే అభిప్రాయం, పదిమంది చెబితే సత్యం. పదిమంది ఇదివరకే చెప్పిన వాక్యమే సిసలైన వాక్యం. ఇవాళ్టి నుంచి మన రిపాజిటరీలో బంగారు వాక్యాలే ఉంటాయి. ఎవరూ ఎక్కడా అనని తెల్ల వాక్యాలను తీసేస్తాం. పరీక్షలో నూటికి ఎంత బంగారం తేలిందో పేరు కింద బంగారు అంకెల్లో వేస్తాం!"

చప్పట్లు మళ్లీ మోగాయి. కొట్టినవి పాత చేతులే.

వెటూరియా మేడమ్ మెల్లగా వేదిక దగ్గరికి వచ్చింది.

"అయితే సార్, ఈ 'మా అమ్మకు' అన్నది తెల్లగా ఉంది..."

"రూలు రూలేనమ్మా. తీసెయ్యండి," అన్నారు మంత్రిగారు ఉదారంగా.

వెనక వరసలో స్మరాండా లేచి నిలబడింది. "సార్, నాదంతా బంగారమే!"

కోజోక్ గారు మళ్లీ మైకు అందుకున్నారు. మంత్రిగారు చూస్తున్నారు. "శభాష్ అమ్మాయ్! పెట్టెయ్యండి, మంత్రిగారి పక్కనే పెట్టెయ్యండి!"

ఆదివారం సాయంత్రం ట్యూరిన్ నుంచి ఫోనొచ్చింది. ముందు కాసేపు ముక్కు చీదుకోవడం మాత్రమే వినిపించింది.

"చదివానే స్మరాండా. మొత్తం చదివాను. ఆ రోజు బస్సు కదిలాక నువ్వు వెనకాల పరిగెత్తావా? నాకు తెలియనే తెలియదే. మా ముసలావిడ సిన్యోరాకు ఇటాలియన్లో చెబితే చేతిరుమాలు తడిపేసింది."

"బాగుందామ్మా?"

"నన్నడుగుతావేమే? కాలేజీవాళ్లే నీ పేరు కింద నూటికి నూరని బంగారు అంకెలు వేస్తేనూ! చర్చిలో అందరికీ చూపించాను. నీ పక్కనే ఎవరో మంత్రిగారి పుస్తకం కూడా పెట్టారు. పాపం, అంత పెద్ద మనిషికి తొంభై తొమ్మిదే వచ్చింది."

"అవునమ్మా."

"ఆయన మాత్రం తక్కువ కష్టపడి ఉంటాడా? ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోగొట్టుకున్నాడోనే!"