సున్నా తప్పుల పనసగుడ

ఇకమీదట మన కొండల్లో తప్పు అనేది జరగబోదని 'నిర్దోష జలధార' మిషన్ డైరెక్టర్ లక్ష్మీప్రసాద్ గారు డుంబ్రిగుడలో ప్రకటించారు. ఆ చారిత్రక సభలో నేనూ ఉన్నాను. నాకు కుర్చీ దొరికింది. నాలుగు కాళ్ళూ సరిగ్గా ఉన్న కుర్చీ. ఈ వయసులో నేను దేవుణ్ణి అడిగేవి ఇలాంటివే.

"ఇంతకాలం మంచినీళ్ళ పథకాల బొమ్మలు చేత్తో గీశారు. చెయ్యి అబద్ధమాడుతుంది. కోడ్ ఆడదు," అన్నారు డైరెక్టరు గారు.

కోడ్‌తో గీయడమంటే పెన్సిలూ స్కేలూ పట్టుకోవడం కాదు. 'ఇక్కడ కొండ, అక్కడ ట్యాంకు, ఈ రెంటి మధ్య ఇంత మందాన గీత' అని కంప్యూటరుకి వరసగా లైన్లు రాసివ్వాలి. అది చదువుకుని, పుస్తకంలో అచ్చేసినంత ముచ్చటగా బొమ్మ తనే గీసిపెడుతుంది. ఆ లైన్లని మిషన్ పోర్టల్‌లో పెట్టాలి. ఒక్క తప్పున్నా పోర్టల్ ఎర్రబడి ఫైలు వెనక్కొస్తుంది. తప్పులు సున్నా అయితే పచ్చ టిక్కు. పచ్చ టిక్కు పడితే పథకం మంజూరు. మంత్రిగారి సమీక్ష వచ్చే సోమవారం కాబట్టి శనివారం సాయంత్రం అయిదుకి గడువు. అప్పటికి పచ్చబడని ఊరు వచ్చే ఏడాది దాకా ఆగాలి.

ఆవేళ సంత. కూరగాయలు కొనడానికి దిగినవాళ్ళంతా బుట్టలు కింద పెట్టి చప్పట్లు కొట్టారు.

ఈ కోడ్ తెలిసిన మనిషి మండలం మొత్తం మీద ఒక్కడే తేలాడు. ఆ ఒక్కణ్ణీ నేనే. అరకులో లెక్కల లెక్చరరుగా ఉన్నన్నాళ్ళూ ప్రశ్నపత్రాలు దీంతోనే తయారుచేసేవాణ్ణి. తెలుసు అనడం కొంచెం ఎక్కువ. ఒక ఏడాది అర్ధసంవత్సర పరీక్షలో నేను గీసిన త్రిభుజం మూడో మూల కాగితం దాటి బయటికి పోయింది. పిల్లలు ఉన్న రెండు మూలలతోనే సిద్ధాంతం నిరూపించేశారు. నేను మార్కులు కూడా వేశాను. ఆ కాగితం చూసి, "మూడోది ఏమైంది?" అని అడిగింది మా ఆవిడ అనూరాధ ఒక్కతే. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నించి నా తప్పులు నాకు చెప్పేవాళ్ళు లేరు. దాంతో నేను తప్పులు చేయడం మానేశానని నమ్ముతూ వచ్చాను.

నన్ను 'డయాగ్రామ్ ఎర్రర్ అడ్వైజర్'గా నియమించారు. మెడలో వేసుకోవడానికి ఫొటో ఉన్న కార్డు ఇచ్చారు. ఆ వారమంతా పాల ప్యాకెట్టుకి వెళ్ళినా అది వేసుకునే వెళ్ళాను.

నాకు వచ్చిన మొదటి ఫైలు పనసగుడ. పద్దెనిమిది ఇళ్ళు. ఊరికి పైన కొండలో ఎండాకాలం కూడా ఎండని ఊట ఉంది. అక్కణ్ణించి పైపు దింపి, మధ్యలో ఒక ట్యాంకు కట్టి, ఆరు కుళాయిలు పెడితే చాలు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నీళ్ళు వాటంతటవే దిగుతాయి. అసిస్టెంట్ ఇంజనీరు సరళ గారు నాలుగు రోజులు ఆ కొండెక్కి దిగి, టేపు పట్టి కొలిచి, చేత్తో చక్కటి బొమ్మ కూడా గీశారు. చెయ్యి అబద్ధమాడుతుంది కనక దాన్ని పక్కన పెట్టాం.

ఊరి తరఫున సోంబరు రోజూ దిగి వచ్చేవాడు. వాడి భార్య చిట్టి రోజుకి మూడుసార్లు ఊటకి ఎక్కి నీళ్ళు మోస్తుంది. ఎడం మోకాలు వాచి ఉంది. ఇంకో ఏడాది ఎక్కితే ఆ కాలు పనికి రాదని ఆస్పత్రిలో చెప్పారట.

"ఏటి మేష్టారూ, బేగి అయిపోద్దా?" అన్నాడు సోంబరు మొదటి రోజు.

"బొమ్మ అయిపోతే అన్నీ అయిపోయినట్టే."

"బొమ్మ సరళమ్మ గీసీసింది కదా. మా కొండ, మా ఊట, అన్నీ ఉన్నాయి."

"అది చేత్తో గీసింది సోంబరూ."

"మరి పైపు ఏటితో ఏత్తారు?"

ఆ ప్రశ్న అడ్వైజరు పరిధిలోకి రాదని నచ్చజెప్పాను.

సోమవారం మొదటి తప్పు వచ్చింది. 'ఈ దారి ఇంక వదిలేస్తున్నాను. సెమికోలన్ పెట్టడం మరిచిపోయారా?' అని కంప్యూటరు ఇంగ్లీషులో అడిగింది. దాని మర్యాదకి నేను కదిలిపోయాను. నా పెన్షను కాగితాలు తిప్పి పంపినవాళ్ళెవరూ ఇంత నెమ్మదిగా కారణం అడగలేదు. అరవై మూడో లైనులో తప్పుంది అన్నది. వెతికాం. లేదు. మధ్యాహ్నం దాకా వెతికితే అసలు తప్పు నలభై ఒకటో లైనులో దొరికింది. దెబ్బ ఒకచోట, ఏడుపు ఇంకోచోట. దాన్ని పట్టుకున్నది సరళ గారు. నేను 'నా ఆధ్వర్యంలో' అని రిపోర్టులో రాశాను.

మంగళవారం కొండ దగ్గర ఆగిపోయాం. కొలత మరీ పెద్దది, కుదరదు అన్నది కంప్యూటరు. సరళ గారు డైరెక్టరు గారికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టారు.

"కొండ పెద్దదైపోయిందట సార్."

"ఎంత పెద్దది?"

"పదకొండు వందల ఎనభై మీటర్లు."

"ఎంతవరకూ ఒప్పుకుంటుంది?"

"సుమారు పంతొమ్మిది అడుగులు సార్," అన్నాను నేను ముందుకి వంగి. "కాగితం మీద అంతకంటే పెద్దదాన్ని దేన్నీ అది నమ్మదు."

"అయితే తగ్గించండి."

"కొండనా సార్?"

"ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

వంద మీటర్లకి ఒక సెంటీమీటరు చొప్పున స్కేలు పెట్టాను. కొండ పన్నెండు సెంటీమీటర్ల లోపు సర్దుకుంది. 'కొండల సమస్యకు శాశ్వత పరిష్కారం' అని డైరెక్టరు గారు పైకి రాశారని తరవాత తెలిసింది.

గురువారానికి మా ల్యాప్‌టాప్‌లో తప్పులు సున్నా. బొమ్మ వచ్చింది. నిజం చెప్పాలంటే బాగుంది. నీలం గీత ఊట దగ్గర మొదలై, వంపులు తిరిగి ట్యాంకులో దిగి, ఆరు కుళాయిలుగా చీలింది. సోంబరు చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఊట దగ్గర్నించి తన ఇంటిదాకా స్క్రీను మీద వేలితో నెమ్మదిగా దిగాడు.

"ఇది మాదే," అన్నాడు. "చిట్టికి సూపిత్తాను," అని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. మొదటిది కదిలిందని ఇంకోటి తీసుకున్నాడు.

శుక్రవారం పోర్టల్‌లో పెట్టాం. ఎర్రబడింది. ట్యాంకు అనే ఆకారం తనకి తెలియదు అన్నది పోర్టల్. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను.

"మా దగ్గరున్నది పాత వెర్షను సార్. అందులో ట్యాంకు లేదు," అన్నాడు అవతలి అబ్బాయి.

"కొత్తది పెట్టండి బాబూ."

"కొత్తది పెట్టాలంటే సిస్టమ్ డయాగ్రామ్ కోడ్‌లో గీసి అప్లోడ్ చెయ్యాలి సార్."

"చెయ్యండి."

"చేశాం సార్. ఎర్రర్ వస్తోంది. మీ మిషన్‌లో ఎవరో అడ్వైజరున్నాడంట, ఆయన నంబరుంటే ఇస్తారా?"

నా నంబరు నేనే ఇచ్చాను. ఆ అబ్బాయి ఇంకా ఫోన్ చేయలేదు.

శనివారం నాలుగింటికి డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. మిగతా మండలాల్లో ముప్పై తొమ్మిది ఊళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయట.

"పనసగుడలో ఎన్ని తప్పులు మేష్టారూ?"

"ఒక్కటే సార్. ట్యాంకు."

"మార్గం?"

అప్పుడు నేను నా పాండిత్యం ప్రదర్శించాను. ఏ లైను ముందైనా శాతం గుర్తు పెడితే కంప్యూటరు ఆ లైను చదవదు. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి లైన్లని ఇలా ఒక్కొక్కటీ దాచి చూస్తారు. దొరికాక దిద్ది, దాచినవన్నీ మళ్ళీ తెరుస్తారు. నేను పద్ధతి మొదటి సగం చెప్పేసరికే డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. రెండో సగం చెప్పాననే అనుకుంటున్నాను. గట్టిగా చెప్పలేదేమో.

ట్యాంకు ముందు శాతం గుర్తు పెట్టాను. ఆ తప్పు పోయింది. ఇంకోటి వచ్చింది.

"పైపు చివర ట్యాంకుకి కట్టి ఉంది మేష్టారూ. ట్యాంకు లేకపోతే దాన్ని దేనికి తగిలిస్తాం?" అన్నారు సరళ గారు.

"తాత్కాలికం అమ్మా."

పైపు దాచాను. ఆరు తప్పులొచ్చాయి. కుళాయిలు పైపుకి కట్టి ఉన్నాయి. కుళాయిలు దాచాను. పద్దెనిమిది వచ్చాయి. ఇళ్ళన్నీ కుళాయిల పక్కన ఇంత దూరంలో అని కొలిచి పెట్టినవి.

"పెరుగుతున్నాయేమిటి?" అన్నారు డైరెక్టరు గారు.

"ఇవే ఆఖరివి సార్."

పద్దెనిమిది ఇళ్ళు, పద్దెనిమిది గుర్తులు. నా వేళ్ళకి ఇంత చురుకుందని నాకే తెలియదు. అయిదుకి ఎనిమిది నిమిషాలుండగా పచ్చ టిక్కు పడింది. బొమ్మలో కొండ మిగిలింది, ఊట మిగిలింది, పై మూల మంత్రిగారి ఫొటో, కింద ఉత్తర దిక్కు చూపించే బాణం మిగిలాయి. ఆ బాణం మొదట్నించీ ఒక్క తప్పూ ఇవ్వలేదు. అది ఎవరికీ కట్టుబడి లేదు.

డైరెక్టరు గారు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. సరళ గారు నా టీ చల్లారిపోకుండా గ్లాసు మీద సాసరు మూత పెట్టి బయటికి వెళ్ళిపోయారు. నా మీద కోపంతో ఉన్న మనిషి ఆ పని చేయడం నేను మరిచిపోలేను.

"సోమవారం ఆ గుర్తులు తీసేద్దాం సార్," అన్నాను.

"తీస్తే ఏమవుతుంది?"

"మళ్ళీ ఎర్రబడుతుంది."

"మరి?" అన్నారాయన. ఆయన అడిగిన తీరు చాలా సౌమ్యంగా ఉంది.

ఆ అయిదారు నిమిషాల్లోనే నా పద్ధతి మిగతా ముప్పై తొమ్మిది ఊళ్ళకీ ఫోన్లలో వెళ్ళింది. నలభై ఊళ్ళూ పచ్చబడ్డాయి. సోమవారం మంత్రిగారు అరకులో నాకు శాలువా కప్పారు. సాధారణంగా ఇలాంటి శాలువాలు దోమతెర కంటే పలచగా ఉంటాయి. ఇది నిజమైన ఉన్ని. ఆ డిసెంబరు చలిలో రోజూ కప్పుకున్నాను. ఆ మాట రాయకపోతే కృతఘ్నత అవుతుంది.

పనసగుడ పథకం మంజూరైంది. డ్రాయింగు ప్రకారం పని మొదలుపెట్టి, డ్రాయింగు ప్రకారం అదే రోజు పూర్తిచేశారు. సరళ గారు అభ్యంతరం రాశారు. ఆమెని చింతూరు బదిలీ చేశారు. అక్కడ శబరి నది పక్కనే ఉంది కనక నీళ్ళకి ఇబ్బంది ఉండదు.

ఫిబ్రవరిలో క్షేత్ర పరిశీలనకి వెంకటరమణ గారనే అధికారి వచ్చారు. నిజాయితీపరుడని పేరు. అడ్వైజరుగా నేనూ వెంట వెళ్ళాను. జీపు కొంతదూరమే పోతుంది. మిగతాది ఎండలో ఎక్కాం. సోంబరు ఊరి మొదట్లో ఎదురొచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను తీసుకున్నాను గానీ తిరిగివ్వడానికి మొహం చెల్లలేదు.

వెంకటరమణ గారు కాగితం విప్పి వాడికి చూపించారు.

"ఈ బొమ్మలో ఉండీ ఇక్కడ లేనిది ఏదైనా ఉందా? భయపడకుండా చెప్పు."

సోంబరు కాగితం చూశాడు. కొండ చూశాడు. ఊట ఉన్న వైపు చూశాడు.

"నేదు బాబూ."

"ఇక్కడ ఉండీ బొమ్మలో లేనిది?"

వాడు ఈసారి చాలాసేపు చూశాడు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"మేం బాబూ," అన్నాడు.

వెంకటరమణ గారు తొందరపడే మనిషి కాదు. కాగితం కింద ఉన్న గుర్తుల పట్టిక అంతా వేలు పెట్టి చదివారు.

"మనుషులకి ఇందులో గుర్తు ఇవ్వలేదయ్యా," అన్నారు జాలిగా. నా వైపు తిరిగారు. "మేష్టారూ, డ్రాయింగులో తప్పులేమైనా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదండీ," అన్నాను. నా ఉద్యోగజీవితంలో ఇంత కచ్చితమైన జవాబు నేనెప్పుడూ చెప్పలేదు.

"మా ఫోనులో ఇంకో బొమ్మ ఉంది మేష్టారూ," అన్నాడు సోంబరు నెమ్మదిగా.

"అది మంజూరైంది కాదు కదా," అన్నాను ఇంకా నెమ్మదిగా.

ఎండకి వెంకటరమణ గారి గొంతు ఎండినట్టుంది. అది గమనించి చిట్టి ఇంట్లోకి వెళ్ళి, రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. ఎడం కాలు ఈడుస్తోంది. కుండ మోయడానికి నెత్తి మీద పెట్టుకున్న గుడ్డ చుట్ట ఇంకా తీయలేదు. ఆయన ఒక్క గుక్కలో తాగేశారు.

"ఎంత చల్లగా ఉన్నాయో. ఎక్కణ్ణించమ్మా ఈ నీళ్ళు?"

చిట్టి చేత్తో గుమ్మం చూపించింది. "ఇంట్లోంచే బాబూ."

ఆయన ఫారం ఆఖరి గడిలో రాసుకుంటూ పైకి చదివారు. "తాగునీరు ఇంటి దగ్గరే లభ్యం. నాణ్యత చాలా బాగుంది."

సోంబరు నా వైపు చూశాడు. నేను గ్లాసు ఎత్తి నోటికి ఆనించుకున్నాను. నోట్లో నీళ్ళుంటే మాట్లాడనక్కర్లేదు. ఆయన చెప్పింది నిజమే, చాలా చల్లగా ఉన్నాయి. గ్లాసు ఖాళీ అవగానే, నేను అడక్కుండానే, చిట్టి లోపలికి వెళ్ళి మళ్ళీ నింపి తెచ్చింది.

అవీ తాగాను.