మాణిక్యమ్మ ఆది జాకెట్టు

దబీర్‌పురా స్టేషన్లో పొద్దుటి రైలు కూతకు ఆ గల్లీలో పొయ్యిలు వెలిగే రోజులవి. ఆవేళ నాగమణి పొయ్యి ఇంకాస్త ముందే వెలిగింది. భర్త గోపాలకృష్ణమూర్తిని ఆఫీసుకు సాగనంపి, తమకు గది అద్దెకిచ్చిన మాణిక్యమ్మ జాకెట్టు సాయంత్రానికల్లా కుట్టేయాలని ఆమె ఆలోచన. సుశీలమ్మగారి కుట్టు క్లాసులో ఇన్నాళ్లూ కోసినవన్నీ పాత పేపర్లే. గుడ్డ మీద కత్తెర పెట్టడం ఇదే మొదలు.

"బోనాలకు నాకు రైక కుట్టు బిడ్డా," అంది మాణిక్యమ్మ, పలచని ఎర్ర వాయిల్ గుడ్డా, కొలతకు ఒక ఆది జాకెట్టూ చేతిలో పెడుతూ. "మంచిగైతే నా మిషన్ నీ అర్రల పెట్టుకో. ఖరాబ్ చేసినవా, దానికి తాళమే."

ఊరి బడిలో పటాలు దించడంలో నాగమణిదే మొదటి పేరు. పటం మీద పల్చటి కాగితం పరిస్తే గీతలు పైకి కనబడేవి. ఆ తెలివే ఇక్కడా వాడింది. ఆది జాకెట్టును చాప మీద పరిచి, పైన వాయిల్ కప్పి, లీలగా కనిపిస్తున్న అంచు వెంట కత్తెర నడిపింది. కాస్త గట్టిగా తెగుతోంది గానీ, గుడ్డంటే అంతే కాబోలు అనుకుంది. తీసి చూస్తే ఎర్రగుడ్డకు పోయింది ఓ పక్క అంచే. కింద జరిగిపోయిన ఆది జాకెట్టు మాత్రం నడుము నుంచి మెడదాకా రెండైంది.

ముక్కలు బియ్యం డబ్బాలోకి వెళ్లాయి. మరి కొలతేదీ? వాకిట్లో దండెం మీద మాణిక్యమ్మ చీర పక్కనే ఓ జాకెట్టు ఆరుతోంది. నాగమణి దాన్ని లోపలికి తెచ్చింది. ఆదికంటే వెడల్పుగా తోచినా, ఉతికి ఉతికి సాగిందనుకుంది. సుద్దముక్కతో దాని మీదే గుర్తులు పెట్టుకుని, ఈసారి పక్కన ఉంచి కోసి, మళ్లీ దండెం మీద వేసి వచ్చింది.

"నా ఆది ఇయ్యి బిడ్డా," అని మధ్యాహ్నం మాణిక్యమ్మ గుమ్మంలో నిలబడింది.

"చేతుల కొలత మిగిలిందండి పిన్నిగారూ."

మళ్లీ వచ్చేసరికి మెడ కొలత మిగిలింది.

చివరి కుట్టు పడుతుండగా మాణిక్యమ్మ మూడోసారి వచ్చింది. ఆమె వెనకే, చేతిలో తన రైకతో వెనక వాటాలోంచి పాలమ్మే ఆగమ్మ ఊడిపడింది. "అక్కా, దండెం మీద నా రైకకు ఎవరో ముగ్గు గీసిండ్రు. మంత్రమే గది. బర్రెకు పాలెండాలని చేసిండ్రు. నిమ్మకాయ కట్టొచ్చిన."

నాగమణి చేతిలో సూది ఆగింది. ఆ జాకెట్టు ఆగమ్మదా? ఆ గల్లీలో గుమ్మం దాటాలంటే పక్కకు తిరగాల్సింది ఆగమ్మ ఒక్కతే. "ఆగమ్మ లెక్క లావైతే నేను బువ్వ బంద్ జేస్త," అని మాణిక్యమ్మ రోజూ అనే మాట.

"నా ఆది మీద గూడ గీసిండ్రేమో. తే, చూస్త," అంది మాణిక్యమ్మ.

ఇక దాచలేక నాగమణి బియ్యం డబ్బా మూత తీసింది. "నేనే కోసేశానండి," అని తల దించుకుంది.

మాణిక్యమ్మ ముక్కల్ని చాలాసేపు నిమిరింది. "నా పెండ్లినాటి రైక. ఇన్నేండ్లు పానం లెక్క దాచిన." కొంగున కట్టిన మిషను తాళంచెవి తడుముకుంది. "కొత్తది గూడ తే. అదెంత ఖరాబైందో చూసి తాళమేస్త."

ఆమె లోపలికెళ్లి తలుపేసుకుంది. నాగమణికి ఇంకా మొదలవని మిషను చప్పుడు అప్పుడే దూరమైపోయినట్టు అనిపించింది.

తలుపు తెరుచుకుంది. ఎర్ర జాకెట్టు మాణిక్యమ్మకు పోతపోసినట్టు కూర్చుంది.

"చూసినవా ఆగమ్మా. పెండ్లినాటి కొలత. జర్ర గూడ మారలే."

ఆగమ్మ ఆ జాకెట్టును చూసింది. నాగమణి వేళ్లకంటిన సుద్దను చూసింది. తన రైక మీది గీతలను కొంగుతో మెల్లగా తుడిచేసింది.

"అవునక్కా, ఏం మారలే," అని, బర్రె మెడలో నిమ్మకాయ విప్పడానికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మిషను నాగమణి గదిలోకి వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు రైలు కూతతో పాటు దాని టకటకా ఆ గల్లీని నిద్రలేపేది. మాణిక్యమ్మ సంగతి విని, ఆడవాళ్లందరూ తమ పెళ్లినాటి జాకెట్లే ఆదికి పంపేవారు. నాగమణి వాటిని గౌరవంగా అందుకుని, పక్కన పెట్టి, వాళ్ల దండేల కేసి నడిచేది.