వెనుకటి తేదీ నుంచి రద్దు

జోలకొండ బాక్సైట్ గని లీజును ప్రభుత్వం పదకొండేళ్ల వెనుకటి తేదీ నుంచి రద్దు చేసింది కాబట్టి, విదేశీ కంపెనీ ప్రతినిధి యాన్ డెవ్రీస్ ఆ పదకొండేళ్లూ ఇక్కడ లేడని తేలింది. మర్నాడు ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగులు అతిథి గృహానికి వచ్చి, సంతకం తీసుకుని, ఆ ఏళ్లను స్వాధీనం చేసుకున్నారు. అతని జుట్టులో తెలుపు పోయింది. రెండో ఏడు లోయలో జారిపడినప్పటి మోకాలి మచ్చ పోయింది. అతను నేర్చుకున్న తెలుగును మాత్రం వదిలేశారు. దాన్ని ఏ పద్దు కింద రాయాలో వాళ్లకు తెలియలేదు.

యాన్ గనుల కార్యాలయానికి వెళ్లాడు. సూపరింటెండెంట్ బెహరా కామేశం అతనితో తొమ్మిదేళ్లు కలిసి టీ తాగిన మనిషి.

"కూర్చోండి. ఏ ఊరు మీది?" అన్నాడు కామేశం.

"కామేశం గారూ, మీ అమ్మాయి పెళ్లికి వచ్చాను కదా."

"వచ్చే ఉంటారు. కానీ ఉత్తర్వు ప్రకారం రాలేదు." కామేశం సొరుగులోంచి పెళ్లి ఫోటో తీసి చూపించాడు. పెళ్లికూతురి పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. కామేశం చెయ్యి ఆ ఖాళీ భుజం మీద ఉంది.

యాన్ ఆశగా అడిగాడు. "ఆరో ఏడు నా భార్య నన్ను వదిలేసింది, ఎప్పుడూ ఇక్కడే ఉంటానని. నేను రానేలేదు కాబట్టి, ఆమె వెళ్లి ఉండకూడదు కదా?"

కామేశం నిబంధనల పుస్తకం శ్రద్ధగా తిరగేశాడు. "మన ఉత్తర్వు రాష్ట్రం సరిహద్దు దాకానే పనిచేస్తుంది సార్. అక్కడ పదకొండేళ్లూ జరిగే ఉంటాయి."

కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు కేసు వేసింది. కొండ మీద తవ్విన గొయ్యే సాక్ష్యమంది. గొయ్యి సహజసిద్ధమైనదని ప్రభుత్వం ముగ్గురు నిపుణులతో చెప్పించింది. వాదనలు రెండేళ్లు నడిచాక రెండు పక్షాలూ రాజీపడ్డాయి. అదే కొండను మరో పేరుతో కంపెనీకే ఇచ్చారు. బదులుగా, ఆ పదకొండేళ్లు జరగలేదని కంపెనీ కూడా ఒప్పుకుంది. ఆ సాయంత్రం యాన్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ పేరుతో తమ దగ్గర ఎవరూ పనిచేయలేదని ఆపరేటరు మర్యాదగా చెప్పింది.

ఆ తర్వాత అతను రోజూ కార్యాలయం వరండాలో కూర్చునేవాడు. అక్కడే తాడంగి సుక్రమ్మ అనే ముసలామె కూడా కూర్చునేది. గని కోసం ఆమె ఊరిని కొండ మీంచి ఖాళీ చేయించారు. గనే లేదు కాబట్టి ఊరు కదల్లేదనీ, వెళ్లి తన ఇంట్లోనే ఉండమనీ ఆమె అర్జీ తిప్పి పంపారు. ఇల్లున్న చోట ఇప్పుడు ఎర్రనీళ్లు నిలిచి ఉన్నాయి.

ఒక పొద్దున ఆమె అతన్ని తేరిపార చూసింది. "నువ్వు మా ఊరు తవ్విన దొరవి కాదేటి?"

యాన్ ఆమె వైపు తిరిగాడు. "అవునమ్మా. నేనే."

"నీ సేతులు పడిపోనూ!" అని ఆమె గంటసేపు తిట్టింది. కుప్పకూలిన పాకను, చచ్చిన మేకల్ని, కొండ దిగుతూ దారిలో పోయిన పెనిమిటిని పేరుపేరునా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు. ఇన్నాళ్లలో అతన్ని గుర్తుపట్టింది ఆమె ఒక్కతే. మర్నాడూ పొద్దున్నే వచ్చాడు, తిట్లు వినడానికి.

ఊరిని తనే తవ్వించానని అతను కాగితం రాసిచ్చాడు. రానివాడి సాక్ష్యం చెల్లదని కామేశం తిప్పి ఇచ్చాడు. వానలు మొదలయ్యే ముందు సుక్రమ్మకు ఒక దారి చూపించారు. పుట్టినప్పటి నుంచీ రోడ్డు పక్కనే ఉన్నానని, కొండ మీద తనకు ఊరే లేదని వేలిముద్ర వేస్తే కాలనీలో ఇల్లిస్తారు.

ఆమె కాగితం పట్టుకుని యాన్ దగ్గరికొచ్చింది. "ఏటి సెయ్యమంతావు దొరా?"

అతను కాగితం తీసుకుని చదివాడు. ఆమె తల మీద కప్పుకున్న ప్లాస్టిక్ సంచీ కేసి చూశాడు.

"వేసెయ్యమ్మా," అన్నాడు.

ఆమె వేలిముద్ర వేసింది. మర్నాడు కాలనీ ఇంటి తాళంచెవి తీసుకోవడానికి వచ్చింది. ముఖం తేటగా ఉంది. యాన్ లేచి నిలబడి, నమస్కారం పెట్టి, తిడుతుందేమోనని ఎదురుచూశాడు.

ఆమె ఆగి, అతన్ని కిందికీ పైకీ చూసి, జాలిగా అడిగింది. "ఎవురి కోసం సూస్తన్నావు బావూ?"

"ఎవరి కోసమూ లేదమ్మా," అన్నాడు యాన్, ఆమెకు దారి ఇస్తూ.