సర్వరూ, ఇరవై కిలోల ఉల్లిపాయలూ

ముందే చెప్తున్నాను బ్రదర్, మధ్యలో నవ్వితే ఆపేస్తాను.

ఇది రెండువేల ఆరు సంగతి. నేను నోయిడాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తానని మన ఘాజియాబాద్ తెలుగు చర్చిలో అందరికీ తెలుసు. అక్కడ నేను చూసుకునేది కుర్చీలూ, ఏసీలూ, టీ మెషీన్లూ అని మాత్రం మా ఆవిడ సరళకుమారికి తప్ప అప్పటికి ఎవరికీ తెలీదు.

కోతపండుగ విందుకి వంటలకి పెద్దయిన బిర్యానీ ధర్మయ్యగారు ఏటా నాకు ఇరవై కిలోల ఉల్లిపాయలు అప్పగిస్తారు. తరిగిన వాసన క్రిస్మస్ దాకా వదలదు. అందుకని ఆ ఏడాది ఓ ఎత్తు వేశాను.

"పాస్టరుగారూ, సంఘస్థుల లిస్టంతా కంప్యూటరెక్కిస్తాను. పేరు కొడితే చాలు, మనిషి వివరాలన్నీ వచ్చేస్తాయి. కాకపోతే ఉల్లిపాయలకి టైముండదు."

ఆయన పొంగిపోయారు. "శనివారం నాలుగింటికొచ్చి చూస్తాను. నడిస్తే ఉల్లిపాయలు మాఫీ!"

"నన్నేమన్నా సాయం చెయ్యమంటారా?" అంది సరళ. హాస్పిటల్లో హెడ్ నర్సు.

"ఇది ఇంజెక్షన్ కాదు సరళా, డేటాబేస్ సర్వర్. లిస్టు దాచిపెట్టి, అడగ్గానే తీసిచ్చే ప్రోగ్రాము. నీకర్థం కాదు."

"అచ్ఛా," అంది. నేనప్పుడే భయపడాల్సింది.

శనివారం పొద్దున ఆఫీసులో అడిగి తెచ్చిన సీడీ వేసి సర్వర్ ఎక్కించాను. స్టార్ట్ నొక్కితే పచ్చలైటు వెలిగింది. 'హల్లెలూయా' అనేలోపు ఎర్రబడి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఈసారి 'హల్లె' దగ్గరే పోయింది.

"ఏమైందండీ?" అడిగింది సరళ, బియ్యం ఏరుకుంటూ.

"వేడెక్కింది." కంప్యూటర్ డబ్బా విప్పి, స్టాండు ఫ్యాను పెట్టాను. ఆగిపోయింది.

"తగ్గిందా?"

"అబ్బే, వోల్టేజీ!" ఫ్రిజ్ ఆపేసి, దాని స్టెబిలైజర్ పీకి కంప్యూటర్‌కి తగిలించాను. ఆగిపోయింది.

"కేస్ షీట్ చూశారా?"

"కంప్యూటర్‌కి కేస్ షీటేంటే, నీ మొహం!"

మూడుసార్లు తీసేసి మళ్ళీ ఎక్కించాను. చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశాను. ఆమెన్ అనగానే మా అమ్మాయి ఎల్సా కేకేసింది. "పాపా, కిచెన్ మే బాఢ్ ఆ గయీ!"

ఫ్రిజ్‌లో ఐసంతా కరిగి వంటిల్లు చెరువైంది. వంజరం ముక్కలు మళ్ళీ ఈదేలా ఉన్నాయి. నేను గుడ్డ పట్టుకుని తుడుస్తుండగా బెల్లు మోగింది. పాస్టరుగారు! వెనకాలే బిర్యానీ ధర్మయ్యగారు!

"నడుస్తోందా బ్రదర్?"

"ఆఁ... ఆగుతూ ఆగుతూ నడుస్తోందండీ."

సరళ కొంగుతో చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. సర్వర్ తను ఎందుకాగిందో రాసుకునే ఫైలేదో తెరిచింది. "ఇదిగో కేస్ షీట్. పొద్దున్నించీ ముప్ఫై ఏడుసార్లు ఒకటే మొర. నా చోట్లో ఇంకో సర్వర్ కూర్చునుందీ అని."

"ఇంకో సర్వరా? ఎవరిదీ?"

"నాదే. హాస్పిటల్లో మాకు నేర్పారుగా. మీరు ఆఫీసుకెళ్ళాక రోజూ కాసిని పేర్లు కొట్టాను. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ముందు నాదే లేచి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి ఆఫీసులో కుర్చీలు చూసుకుంటున్నారు, ఒక్క కుర్చీలో ఇద్దరు పట్టరని తెలీదా?"

"కుర్చీలా?" అన్నారు పాస్టరుగారు. ఆ గుట్టూ పోయింది.

"పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"నాకర్థం కాదన్నారుగా."

అయినా నేను తగ్గలేదు. "మొత్తానికి మా ఇంట్లో సర్వర్ నడుస్తోంది కదండీ! మరి మాఫీ..."

"బ్రదర్ పేరే కొట్టమ్మా, చూద్దాం," అన్నారు పాస్టరుగారు.

కొట్టింది. పేరు: తోమాసు. ఊరు: తెనాలి. కోతపండుగ సేవ: ఉల్లిపాయలు, ఇరవై కిలోలు.

"మరి నీ పేరమ్మా?"

పేరు: సరళకుమారి. కోతపండుగ సేవ: కుర్చీలో కూర్చోవడం.

ధర్మయ్యగారు అంతలా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు.

మర్నాడు చర్చి వెనకాల కూర్చుని పదో కిలో తరుగుతున్నాను. పాస్టరుగారు వచ్చి, నా కళ్ళల్లో నీళ్ళు చూసి భుజం తట్టారు.

"పశ్చాత్తాపం మంచిదే బ్రదర్."

"ఉల్లిపాయలండీ," అన్నాను.